రాని కంచు

తొర్రూరు నుంచి మహబూబాబాద్ పోయే తొవ్వల బస్సు దిగి, లోపలికి రెండు కిలోమీటర్లు నడిస్తె మా తండా. ఇప్పుడు నడువ పనిలేదు. సీసీ రోడ్డు పడ్డది, ఆటో ఇంటి ముంగటి దాక వస్తది. ఆ రోడ్డు నా పేరు మీద అడిగి వేయించుకున్నరు. నా పేరు మీద అంటె, నేను గెలువని ఒక పతకం పేరు మీద. గీ ముచ్చట చెప్పాలంటె మొదటికెల్లి చెప్పాలె.

మా బా తొర్రూరు మార్కెట్ల హమాలీ. మా లంబాడీ మాటల నాయినను బా అంటం, అమ్మను యాడి అంటం. ఇంట్ల మేం మాట్లాడేది ఆ మాటే, ఇక్కడ తెలుగుల రాస్తున్న. బా వయసుల ఉన్నప్పుడు జాతరలల్ల కుస్తీ పట్టేటోడు. గెలిచినోనికి వెండి కడెం తొడిగేటోల్లు. ఆయన చేతికి ఒక్కసారి గూడ కడెం ఎక్కలేదు. "మీ బా గెలిచేటట్టే ఉంటడు, గెలువడు" అని యాడి నవ్వేది. అందుకేనేమో, నేను హాస్టల్ల ఏడో తరగతి చదివేటప్పుడు మా పీఈటీ మేడం, "నీ బిడ్డ నడుము గట్టిది, కుస్తీ నేర్పిస్త" అని అడిగితె బా ఒక్క మాట అడ్డం చెప్పలే. "పట్టనియ్యిండ్రి మేడం" అన్నడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "మెడ జాగ్రత్త" అన్నడు. ఆయన నాకు నేర్పిన కుస్తీ అంతే.

హాస్టల్‌కెల్లి హైదరాబాద్ పోయిన. అక్కడ కోచ్ సార్‌ది కోస్తా దిక్కు. నేను "గిట్లనా సార్" అంటె ఆయన నా గొంతుతోటి "గిట్లనే, గిట్లనే" అనేటోడు, అందరు నవ్వేటోల్లు. ఇంట్ల ఒక మాట, బడిల ఒక మాట, సార్ దగ్గర ఇంకొక మాట. మ్యాట్ మీద మాత్రం ఏ మాట అవసరం లేకుండె. జాతీయ జూనియర్ పోటీలల్ల నాకు కంచు వచ్చింది. అది నిజంగనే వచ్చింది. దాన్ని యాడి పసుపు దారంతోటి చుట్టి, "ఎక్కడికి పోయినా వెంట తీసుకపో, మంచిగైతది" అన్నది. నేను అట్లనే చేసిన. ఆ తర్వాత ఉత్తరాది క్యాంపుకు పిలిచిన్రు. రెండేండ్లకు ఆసియా పోటీలకు నా పేరు వచ్చింది, యాబై మూడు కిలోలల్ల.

విమానం ఎక్కుడు అదే మొదలు. దిగిన దేశంల చలి ఎముకలల్లకు దూరింది. నా అసలు బరువు యాబై ఐదు దాటి ఉంటది. వారం నుంచి అన్నం బంద్, నీళ్లు గుక్కెడు గుక్కెడు. తూకం అయినంక రెండు అరటిపండ్లు నిలవడే తిన్న.

మొదటి కుస్తీ గెలిచిన. రెండోది ఓడిన. గాని నన్ను ఓడించిన పిల్ల ఫైనల్ దాక పోయింది. అట్ల పోతె, ఆమె చేతిల ఓడినోల్లకు కంచు కోసం ఇంకొక అవకాశం ఇస్తరు. తెల్లారి ఒక కుస్తీ గెలిచి, కంచు కుస్తీల నిలవడ్డ.

ఎదుటి పిల్ల నాకంటె జానెడు పొడుగు. ముందు నేనే రెండుసార్లు ఆమె కాళ్లల్లకు దూరి కిందేసిన. ఒక్కోదానికి రెండు పాయింట్లు, నాలుగు. ఆమె నన్ను ఒక్కసారి వేసింది, రెండు. గడియారంల ఇంక ఇరవై సెకన్లు ఉన్నయి. నేను కొత్తగ చెయ్యాల్సింది ఏం లేదు, దొరకకుండ ఉంటె చాలు. వెనుకకు జరిగిన. అట్ల జరుగుడే నా తప్పు. ఆమె నా కుడికాలు దొరకబట్టుకున్నది. ఒంటికాలు మీద రెండు గంతులు వేసిన, మూడోదానికి పడ్డ.

నాలుగు నాలుగు. పాయింట్లు అట్ల సమానమైతె ఆఖరి పాయింటు ఎవలు కొట్టిన్రో వాళ్లే గెలిచినట్టు. నేను లేవాలె. ఆమె లేవనియ్యలే. బోర్ల పడ్డ నా మీద ఆమె బరువంత ఉన్నది, నా రెండు చేతులు నా ఛాతి కిందనే ఇరుక్కున్నయి. ఒక చెవి మ్యాట్‌కు ఆనింది. ఇంకొక చెవుల మా కోచ్ అరుపు వినబడ్డది గాని ఏం మాటనో తెలువలే. సీటీ ఊదిన్రు. నేను ఐదో స్థానం.

బట్టలు మార్చుకునే గదిల ఏడ్చినంక, మా టీం మేనేజర్ సార్ తన ఫోన్ నాకిచ్చి, "ఇంటికి మాట్లాడు, ఎదురుచూస్తుంటరు" అన్నడు. బా ఒక్క రింగుకే ఎత్తిండు. వెనుక నుంచి తండా జనం మాటలు వినబడ్డయి.

"ఏమాయె బేటీ?"

"నాలుగు నాలుగు అయింది బా."

"సమానమా? సమానమైతె ఎవలకిస్తరు మరి?"

"కంచుయి రెండిస్తరు బా, గాని..."

నేను చెప్పబోయింది ఏందంటె, కంచు పతకాలు రెండే, గాని అవి రెండు వేరే వేరే కుస్తీలు గెలిచినోల్లకు, మా ఇద్దరిల ఒక్కదానికే. ఆ "గాని" కాడనే బా ఫోన్ చెవి మీదికెల్లి తీసిండు. "వచ్చిందట! ఇద్దరికీ ఇచ్చిన్రట!" అని వాకిట్లకు అరిచిండు. ఒక్కపారి అందరు లేచిన చప్పుడు. యాడి ఏడుస్తున్నది, ఆమె ఏడిస్తె నాకు గుర్తువడ్తది. ఎవలో డప్పు కొట్టుడు షురూ చేసిన్రు. నేను "బా, బా" అని రెండుసార్లు అన్న. మూడోసారి అనలే. మేనేజర్ సార్ చెయ్యి చాపిండు, ఫోన్ ఇచ్చిన.

ఆ తర్వాత గూడ చెప్పొచ్చు. తెల్లారి చెప్పొచ్చు, ఢిల్లీల దిగినంక చెప్పొచ్చు. ఫోన్ చేసినప్పుడల్ల బా నాకంటె ముందు మాట్లాడేటోడు. పేపరాయన వచ్చిండట, ఫోటో అడిగిండట. పటేల్ వాకిట్ల బాకు కుర్సీ వేసిన్రట. మా తండాల సగం మంది కూలికి పోయేది ఆ పటేల్ చేన్లకే. బా ఆయన వాకిట్ల ముప్పై ఏండ్లు నిలవడి మాట్లాడినోడు. "కూసో అన్నడు బేటీ, నన్ను కూసో అన్నడు" అని ఫోన్‌ల చెప్పిండు. ఇంటికి పోయినంక ఎదురుంగ కూసోని నిమ్మళంగ చెప్త అనుకున్న.

మహబూబాబాద్ స్టేషన్‌ల రైలు ఆగింది. కిటికీల నుంచే ఫ్లెక్సీ కనబడ్డది. నా ఫోటో కింద "ఆసియా కాంస్య పతక విజేత" అని పెద్ద అక్షరాలు. బా ధోతి మీద కొత్త అంగీ వేసుకొని, చేతుల పూలదండ పట్టుకొని నిలవడ్డడు. దండ నా మెడల వేసి, "బిళ్ల ఏది? బయటికి తియ్యి, అందరు చూడాలె" అన్నడు. చుట్టు ఒక యాబై మంది. ఫోన్లు పైకి లేచినయి. నా బ్యాగుల పసుపు దారం చుట్టిన జాతీయ పతకం ఉన్నది. అది గూడ కంచే.

నేను దారం విప్పిన. మెడల వేసుకున్న.

ఫోన్‌ల అయింది పొరపాటు. స్టేషన్‌ల అయింది అబద్ధం. ఈ రెండింటికీ తేడా నాకు ఆ రోజే తెలుసు.

ఎనుకముందు చూడకుండ ఏడాది గడిచింది. తొర్రూరుల సన్మానం, మహబూబాబాద్‌ల సన్మానం, శాలువాలు. దగ్గరికొచ్చి బిళ్లను చేతుల పట్టుకునేటోల్లు. దాని మీద అక్షరాలు ఇంగ్లీషుల ఉన్నయి, చిన్నయి. ఎవలన్న కండ్లద్దాలు సదురుకుంటె నేను బిళ్లను తిప్పేదాన్ని. ఆ ఏడే మా తండా ఆడోల్లు మండల ఆఫీసు ముంగట కూసున్నరు. "ఆసియాల కంచు తెచ్చిన పిల్ల ఊరికి తొవ్వ లేదా?" అని అడిగిన్రు. నేను గూడ ముంగట్నే కూసున్న. తొవ్వ వచ్చింది.

భూపాలపల్లిల బొగ్గు బాయిల ఆఫీసుల క్రీడాకారుల కోటా కింద కొలువుకు పిలిచిన్రు. కాయిదాలు పట్టుకొని పోయిన రోజు వెంటనే లోపలికి పోలే. గేటు కాడ చెట్టు కింద చానసేపు నిలవడ్డ. కాయిదాలల్ల అబద్ధం రాయొద్దని మాత్రం గట్టిగ అనుకున్న, ఉన్న సర్టిఫికెట్ ఉన్నట్టే పెట్టిన. కాయిదాలు చూసేటాయన పెద్దాయన, తల నెరిసిన మనిషి. సర్టిఫికెట్ చదివి, అద్దాల మీదికెల్లి నన్ను చూసిండు.

"పేపర్ల కంచు అని చదివిన. గిండ్ల ఐదో స్థానం అని ఉన్నది."

నేను కాయిదం వెనుకకు తీసుకుందామని చెయ్యి చాపిన.

"దేశం తరఫున ఆడినవు, గది చాలు. గీ కొలువుకు పతకం అవసరం లేదు" అని ముద్ర వేసిండు. "పేపరోల్లు గట్లనే రాస్తరు తియ్యి."

కొలువు నిజంగనే నాది, ఎవలు అడిగినా చూపెట్టొచ్చు. గాని ఆ పెద్దాయన టేబుల్ నా టేబుల్‌కు ఎదురుంగనే. ఆఫీసుల ఏ పండుగైనా, ఏ మీటింగైనా, "మన కాంస్య పతక విజేత" అని నన్ను లేపి నిలవెట్టేటోల్లు. నేను దండం పెట్టేదాన్ని. ఆయన చప్పట్లు కొట్టేటోడు, అందరిలెక్కనే. ఒక్కనాడు గూడ ఎవలకు ఏం చెప్పలే, నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు అనిపించేది. నాలుగేండ్లు ఆయన ముంగట కూసొని పనిచేసిన.

దీనికి ఒక్కటే తొవ్వ ఉన్నదనుకున్న. మళ్ల పోవాలె, నిజంగ గెలువాలె. గెలిస్తె ఆ బిళ్ల స్థానంల ఈ బిళ్ల వస్తది, ఎవలకు తేడా తెలువది. క్యాంపుల నాతోటి పట్టే అమ్మాయిలు చెప్పేటోల్లు, "నువ్వు కుస్తీ పడ్తలేవు, ఎవలనో తరుముతున్నవు" అని. రెండోసారి ఆసియా పోటీలకు వేరే దేశం పోయిన. మొదటి కుస్తీలనే ఒక పిల్ల నన్ను కిందేసి, నా రెండు చీలమండలు ఒకదాని మీద ఒకటి మెలేసి చంకల పెట్టుకున్నది. ఆ పట్టుల పడితె కాళ్లు మనయి కావు. ఆమె దొర్లితె నేను దొర్లాలె. ఒక్కసారి దొర్లితె రెండు పాయింట్లు. నాలుగుసార్లు దొర్లించింది. పైన లైట్లు, కింద మ్యాట్, పైన లైట్లు, కింద మ్యాట్. పది సున్నా అయితె కుస్తీ అక్కడనే ఆపేస్తరు. రెండు నిమిషాలు గూడ కాలే.

"ఈసారి రాలే బా" అని ఫోన్‌ల చెప్పిన.

"ఏం కాదు, ఒకసారి తెచ్చినవు గద" అన్నడు బా.

మూడోసారి పోవాల్సిన ఏడాది, ఎంపిక కుస్తీల మోకాలు పోయింది. లోపల ఏదో పుటుక్కుమన్నది. చప్పుడు నాకొక్కదానికే వినబడ్డది. ఆపరేషన్ అయింది. "నడుస్తవు, మెట్లెక్కుతవు, కుస్తీ మాత్రం ఇగ మర్చిపో" అన్నడు డాక్టర్. పక్కన కోచ్ తల వంచుకున్నడు. అందరు నాకు మోకాలు పోయిందని దుఃఖం అనుకున్నరు. మంచం మీద పండి నేను అనుకున్నది వేరే: ఇగ దీన్ని నిజం చేసే తొవ్వ లేదు.

ఆ కార్తీకంల పత్తి ఏరుడుకు ఇంటికి పోయిన. వంగరాకపోతె యాడి నన్ను గట్టు మీద కూసోవెట్టింది. పగటి బువ్వకు బా వచ్చి పక్కన కూసున్నడు, సద్ది విప్పిండు. నేను చెప్పిన. ఫోన్ ముచ్చట, స్టేషన్ ముచ్చట, బిళ్ల ఏ పోటీది అనేది, అన్ని చెప్పిన. చెప్తున్నంతసేపు ఆయన బువ్వ ముద్ద చేతులనే ఉన్నది.

"మీ యాడికి తెలుసా?"

"తెల్వది."

"చెప్పకు. ఎవలకు చెప్పకు."

"బా, నాతోని అయితలేదు."

"నీతోని అయితలేదా?" ఆయన గొంతు పెద్దగ కాలే. "తొవ్వ ఎట్ల వచ్చింది? పోరగాండ్లు బడికి ఆటోల పోతున్నరు. పటేల్ కుర్సీ ఏస్తున్నడు. మొన్న మనోల్ల కూలి ముచ్చట మాట్లాడ పోతె నన్నే ముంగట పెట్టిన్రు. గిప్పుడు నువ్వొచ్చి రాలేదంటవా? అది నీ ఒక్కదానిది కాదు బేటీ. నువ్వు తెచ్చి తండాకు ఇచ్చినవు. ఇచ్చినంక అడుగొద్దు."

"తేలేదు బా. అదే చెప్తున్న."

ఆయన ముద్ద మళ్ల గిన్నెల పెట్టి, చెయ్యి కడుక్కొని, పత్తి చేన్లకు పోయిండు. మాపటి దాక ఆయన వంగిన నడుమే కనబడ్డది. నేను ఒక్కదాన్ని మోసినప్పుడు ఎట్లనో మోసిన. ఇప్పుడు ఆయనకు గూడ ఎత్తిచ్చిన, నాది తేలిక కాలే.

ఇంకొక ఏడాది అట్లనే పోయింది. జనగామల ఒక ఆడపిల్లల బడి వాళ్లు వార్షికోత్సవానికి పిలిచిన్రు. భూపాలపల్లి నుంచి పొద్దుగాల బస్సెక్కి, హనుమకొండల మారి పోయిన. చెప్పేది తెలిసిందే. కష్టపడాలె, భయపడొద్దు, అమ్మానాయిన పేరు నిలవెట్టాలె. బిళ్ల మెడల ఉన్నది. చెప్పుడు అయినంక, "అడుగండ్రి పిల్లలూ" అన్నరు. మామూలుగ, ఏం తింటరు, విమానం ఎట్లుంటది అని అడుగుతరు. నడిమి వరుసల ఒక పిల్ల లేచింది. బచ్చన్నపేట దిక్కు పిల్లట, ఆ బడిలనే కొత్తగ కుస్తీ నేర్చుకుంటున్నదట.

"అక్కా, ఆ కంచు కుస్తీల ఆఖరి పాయింటు ఎట్ల కొట్టినవ్?"

అన్నేండ్లల్ల ఒక్కరు గూడ ఆ కుస్తీ గురించి అడుగలే. పతకం చూసిన్రు, పట్టుకున్నరు, ఫోటో దిగిన్రు. కుస్తీ ఎట్ల జరిగిందని ఎవలకు కావాలె? నా దగ్గర దానికి అబద్ధం తయారు లేకుండె. నోరు తెరిస్తె ఉన్నదే వచ్చింది.

"ఆఖరి పాయింటు నేను కొట్టలే. ఆమె కొట్టింది. ఇరవై సెకన్లు ఉండంగ నేను వెనుకకు జరిగిన. జరుగద్దు. జరిగితె కాలు దొరుకుతది."

"మరి పతకం, అక్కా?"

"రాలే. నాది ఐదో స్థానం. గీ బిళ్ల ఇక్కడి జూనియర్ పోటీలది."

అప్పుడు హెడ్‌మాస్టర్ లేచి మైకు తీసుకున్నడు. "చూశారా పిల్లలూ! ఆసియాలో కాంస్యం గెలిచి కూడా ఎంత అణకువో! ఓటమి గురించి ఎలా మాట్లాడాలో నేర్పుతున్నారు" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను "కాదు సార్" అన్న. ఆ చప్పట్లల అది మునిగిపోయింది. శాలువా కప్పిన్రు. ఇచ్చిన జ్ఞాపిక మీద "కాంస్య పతక విజేత" అని ముందే చెక్కించి పెట్టిన్రు. ఆ అడిగిన పిల్ల మాత్రం చప్పట్లు కొట్టలే. నన్నే చూసుకుంట, కుడికాలు కొద్దిగ ముందుకు పెట్టి, వెనుకకు పెట్టి చూసుకుంటున్నది.

ఎవలో ఫోన్‌ల తీసిన్రు. పొద్దు గూకక ముందే అది మా తండా గ్రూపుల పడ్డది. వాళ్లకు నా మాటలు మంచిగనే అర్థమైనయి. కొందరు తిట్టిన్రు. కొందరు, "ఆమెకు ఏమన్న పరేషాన్ ఉన్నట్టున్నది, గట్ల మాట్లాడుతున్నది" అన్నరు. బా నాతో మాట్లాడుడు బంద్ చేసిండు. ఫోన్ చేస్తె యాడికి ఇచ్చేటోడు. యాడిని అడిగిన, నీకు కోపం లేదా అని. "నాకు ఆ దినం నువ్వు బతికి వచ్చినవు, గంతే తెలుసు. గా చలిల ఎట్లున్నవో అని ఏడ్చిన" అన్నది. పటేల్ వాకిట్ల ఇప్పటికీ కుర్సీ వేస్తున్నరట. బా కూసుంటలేడట. నిలవడే మాట్లాడి వస్తున్నడట. తొవ్వ ఎక్కడికి పోలే, ఆటోలు తిరుగుతనే ఉన్నయి.

ఆఫీసుల నేనే ఒక చీటీ రాసి ఇచ్చిన, ఇగ నన్ను అట్ల పిలువొద్దని. అయినా కొత్తగ వచ్చినోల్లు పిలుస్తరు. నేను లేచి సరిచేస్త. వాళ్లు నవ్వి, చప్పట్లు కొడ్తరు. ఎదుటి టేబుల్ పెద్దాయన రిటైర్ అయి పోయిండు. పోయే రోజు నాతోటి చాయ్ తాగిండు.

మొన్న వానాకాలం పోయినంక బా కండ్లు మసకయినయి. తొర్రూరుల చూపెడితె శుక్లం అన్నరు. "భూపాలపల్లికి తోలు" అని యాడిని నేనే ఒత్తిడి చేసిన. బస్సు దిగి నన్ను చూసి, "కాలు ఎట్లున్నది?" అన్నడు. ఏడాదిన్నరకు అదే మొదటి మాట. దవాఖానల లైన్ల కూసున్నం. పక్కన ఒక ముసలాయన, ములుగు దిక్కు మనిషి, ముచ్చట పెట్టిండు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడిగి, నా దిక్కు చూపెట్టి, "గీమె ఏం జేస్తది?" అన్నడు.

"నా బిడ్డ. పహిల్వాన్" అన్నడు బా.

నేను తర్వాతి మాట కోసం ఎదురుచూసిన. కంచు మాట వస్తె సరిచెయ్యాలెనా, ఊకోవాలెనా, ఇంక తేల్చుకోలే.

"ఏమన్న గెలిచిందా?" ముసలాయన అడిగిండు.

బా తన కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకొని, వెలుగు దిక్కు ఒకసారి చూసిండు. "చాన కుస్తీలు పట్టింది" అన్నడు. లోపలి నుంచి ఆయన పేరు పిలిచిన్రు. నేను చెయ్యి ఇచ్చి లేపిన, ఆయన నా మోకాలు దిక్కు చూసుకుంట మెల్లగ లేచిండు.